మణికట్టుపై ఒత్తిడి కొలమానం: ధరించే పరికరాలు చెప్పేదెంత, చెప్పలేనిదెంత?

ముచ్చెమటలు పట్టడం, గుండె దడదడలాడడం, కాళ్ళూ చేతులూ చల్లబడడం, నోరు ఎండిపోవడం... భయాన్నీ ఆందోళననూ చెప్పుకునేందుకు తెలుగువారు వాడే మాటలలో అధిక భాగం శరీరానికి సంబంధించినవే కావడం గమనార్హం. మనసులోని కలవరం ఒంటిపై వ్యక్తమవుతుందన్న సంగతి ఏ పరికరమూ లేని రోజుల నుంచీ జనానికి అనుభవంలో ఉన్నదే. సరిగ్గా ఈ సూత్రం ఆధారంగానే మణికట్టుకు ధరించే స్మార్ట్ వాచ్‌లు, పట్టీలు, వేలి ఉంగరాలు నేడు పనిచేస్తున్నాయి. ధరించిన వ్యక్తి గుండె వేగాన్ని, చెమటను, చర్మపు ఉష్ణోగ్రతను అనుక్షణం కొలుస్తూ, ఆందోళన పెరుగుతున్నదని తోచినప్పుడు ఇవి చిన్నగా కంపిస్తాయి. ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా శ్వాస తీసుకోవలసిందిగా తెరపై సూచిస్తాయి.

ఈ పరికరాల గురించి ప్రకటనలలో కనిపించే మాటలకూ, పరిశోధనలలో తేలిన విషయాలకూ మధ్య గణనీయమైన అంతరం ఉంది. వీటిపై వార్తలు రాసే పాత్రికేయులకు, సిబ్బంది సంక్షేమం పేరిట వీటి కొనుగోలు ప్రతిపాదనలను పరిశీలించవలసి వచ్చే అధికారులకు ఆ అంతరం తెలిసి ఉండడం అవసరం.

పరికరం కొలిచేది ఏమిటి?

ప్రమాదం ఎదురైనప్పుడు పోరాడడానికో పారిపోవడానికో శరీరం క్షణాలలో సిద్ధమవుతుందని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు. మన ప్రమేయం లేకుండా పనిచేసే స్వయంచోదిత నాడీ వ్యవస్థ ఈ పని చేయిస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తం చర్మం నుంచి కండరాల వైపు మళ్ళుతుంది, అరచేతుల్లో చెమట పడుతుంది. పులి ఎదురైనా, పరీక్ష ఫలితాలు వెలువడే రోజైనా శరీరం చేసే ఏర్పాటు ఇంచుమించు ఒక్కటే.

ఈ మార్పులలో మూడింటిని మణికట్టు పరికరాలు ప్రధానంగా గమనిస్తాయి. మొదటిది గుండె వేగం. గడియారం అడుగున వెలిగే ఆకుపచ్చ కాంతిని రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద రక్త పరిమాణం పెరిగి, తిరిగి వచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి నాడి వేగాన్ని తేలుస్తారు. రెండవది, రెండు స్పందనల మధ్య వ్యవధిలో వచ్చే తేడా. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె సరిగ్గా సెకనుకొకసారి కొట్టుకోదు. ఒక వ్యవధి 0.9 సెకన్లయితే మరొకటి 1.1 సెకన్లు కావచ్చు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఈ తేడా ఎక్కువగాను, శరీరం ఉద్రిక్తంగా ఉన్నప్పుడు తక్కువగాను ఉంటుంది. గుండె గడియారంలా క్రమబద్ధంగా కొట్టుకోవడమే ఆరోగ్యమని భావించేవారికి ఇది వింతగా తోచవచ్చు.

మూడవది చెమట. చర్మంపై కొద్దిపాటి తేమ చేరినా విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. భావోద్వేగాలతో పాటు చర్మపు విద్యుత్ లక్షణాలు మారుతాయని ఫ్రాన్సు దేశానికి చెందిన ఫెరె 1888లోనే నమోదు చేశారు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకంలో మనోవిశ్లేషకుడు కార్ల్ యూంగ్ తన పద పరీక్షలలో ఇదే కొలతను వినియోగించారు. అయితే ఒక చిక్కు ఉంది. మానసిక కలవరానికి స్పందించే చెమట గ్రంథులు అరచేతుల్లోను, అరికాళ్ళలోను దట్టంగా ఉంటాయి. మణికట్టుపై అంతగా ఉండవు. ప్రయోగశాలలో ఎలక్ట్రోడులను వేళ్ళకు అమర్చేది ఇందుకే. వాచీ మాత్రం తనకు అంతగా అనుకూలించని చోటు నుంచే ఆ సమాచారాన్ని రాబట్టుకోవలసి వస్తుంది.

యంత్రాలతో మానవ భావోద్వేగాలను గుర్తించే శాస్త్రానికి మసాచుసెట్స్ సాంకేతిక విద్యా సంస్థ ఆచార్యులు రోజలిండ్ పికార్డ్ 1997లో ప్రచురించిన గ్రంథం పునాది వేసింది. సామాన్యుల చేతికి ఈ సౌకర్యం వచ్చింది 2016లో. ఆ ఏడాది ఆపిల్ సంస్థ తన వాచీలలో శ్వాస సాధన అప్లికేషన్‌ను, ఫిట్‌బిట్ సంస్థ చార్జ్-2 పట్టీలో గుండె వేగాన్ని అనుసరించే శ్వాస కార్యక్రమాన్ని ప్రవేశపెట్టాయి. ఫిట్‌బిట్ 2020లో విడుదల చేసిన సెన్స్ వాచీలో చర్మ విద్యుత్ కొలతను చేర్చింది. 2022లో వచ్చిన రెండవ నమూనా ఆ కొలతను రోజంతా తీస్తూ, శరీరంలో మార్పు కనిపించినప్పుడు ధరించినవారిని హెచ్చరించి, అప్పటి మానసిక స్థితి ఏమిటో వారినే నమోదు చేయమని అడిగేలా రూపొందింది. ఆ సంస్థ ఈ హెచ్చరికకు ‘ఒత్తిడి’ అని కాక ‘శరీర ప్రతిస్పందన’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టడం విశేషం. తయారీదారు పాటించిన ఈ జాగ్రత్త వార్తా శీర్షికలలో తరచు లోపిస్తున్నది.

ఆందోళనా, ఆయాసమా?

అసలు సమస్య ఇక్కడే ఉంది. పరికరం కొలిచేది శరీరపు ఉద్రిక్తతను మాత్రమే గాని ఆందోళనను కాదు. అలిపిరి మెట్ల మార్గంలో కొండ ఎక్కుతున్న భక్తునికీ, ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో కుర్చీలో కూర్చున్న వ్యక్తికీ గుండె వేగం ఒకేలా పెరగవచ్చు. కాఫీ, జ్వరం, నిద్రలేమి, రోహిణీ కార్తె ఎండ, చివరి ఓవరులో గెలిచిన క్రికెట్ మ్యాచ్, అమ్మాయి పెళ్ళినాటి సంబరం సైతం ఇవే గుర్తులను మిగులుస్తాయి. నడకను, కదలికను గుర్తించే సెన్సార్ల సాయంతో కొంత తొక్కును ఏరివేయగలిగినా, కూర్చున్న మనిషి మనసులో ఉన్నది ఆనందమో ఆందోళనో విడదీయడం ఇప్పటికీ కష్టసాధ్యమే.

ఈ విషయంలో రెండు అధ్యయనాలను పక్కపక్కన ఉంచి చూడడం ఉపయుక్తం. జర్మనీ పరిశోధకులు 2018లో వెలువరించిన ‘వెసాడ్’ దత్తాంశం కోసం 15 మందిని ప్రయోగశాలలో పరీక్షించారు. వారిని కొందరి ఎదుట ప్రసంగించమన్నారు. ఒక పెద్ద సంఖ్య నుంచి 17 చొప్పున తీసివేస్తూ వెనక్కు లెక్కించమన్నారు. మరికొంతసేపు హాస్య దృశ్యాలు చూపించారు. ఒత్తిడి ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు కంప్యూటర్ గరిష్ఠంగా 93 శాతం వరకు సరైన జవాబు ఇవ్వగలిగింది. సాధారణ స్థితి, ఒత్తిడి, వినోదం అనే మూడింటినీ విడదీయమన్నప్పుడు అది 80 శాతానికి తగ్గింది. నవ్వును చేర్చగానే లెక్క తడబడిందన్న మాట. ప్రకటనలలో కనిపించే ‘90 శాతం పైగా ఖచ్చితత్వం’ వంటి అంకెలను చూసినప్పుడు, ఎందరిపై, ఎక్కడ, ఏ ప్రశ్నకు వచ్చిన ఫలితమో పాత్రికేయులు తప్పక అడగవలసి ఉంటుంది.

రెండవది నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ప్రచురించినది. దాదాపు 800 మంది యువజనులు గార్మిన్ సంస్థ తయారుచేసిన పట్టీలను మూడు నెలల పాటు ధరించి తమ నిత్య జీవితాన్ని యథావిధిగా గడిపారు. రోజుకు నాలుగు సార్లు తమకు ఎలా ఉన్నదో స్వయంగా నమోదు చేశారు. పట్టీ చూపిన ఒత్తిడి అంకెకూ, వారు తెలిపిన ఒత్తిడికీ అత్యధికుల విషయంలో చెప్పుకోదగ్గ పొంతన కనిపించలేదు. సుమారు నాలుగో వంతు మందిలో ఆ రెండూ పరస్పర విరుద్ధంగా ఉన్నాయి. నిద్రా సమయం విషయంలో మాత్రం పట్టీ చెప్పినది చాలావరకు సరిపోయింది. ప్రయోగశాలలో నెగ్గిన విద్య నిత్యజీవితంలో ఎందుకు తడబడుతున్నదో ఈ రెండు అధ్యయనాలు కలిసి తెలియజేస్తున్నాయి.

చర్మపు రంగు ప్రస్తావన కూడా అప్రస్తుతం కాదు. వేలికి తగిలించి ఆక్సిజన్ కొలిచే పరికరాలు నల్లజాతి రోగులలో ప్రాణవాయువు తగ్గడాన్ని పసిగట్టలేకపోవడం తెల్లవారితో పోల్చితే దాదాపు మూడు రెట్లు అధికమని 2020లో అమెరికా వైద్యులు వెల్లడించారు. మణికట్టు వాచీల గుండె వేగం విషయంలో అదే ఏడాది 53 మందిపై జరిగిన మరో అధ్యయనం చర్మపు రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా లేదని, అయితే శరీరం కదులుతున్నప్పుడు తప్పులు పెరుగుతున్నాయని తేల్చింది. ఇది కొంత ఊరట కలిగించే విషయమే. అయినప్పటికీ ఎండలో చెమటోడ్చి పనిచేసే తెలుగు ప్రాంతాల కూలీలకో, ట్రాఫిక్ విధులలోని కానిస్టేబుళ్ళకో ఈ పట్టీలు ఇచ్చేముందు, వాటిని ఏ వాతావరణంలో, ఎవరిపై పరీక్షించారన్నది విచారించడం సమంజసం.

నిద్రలో పీడకలలకు విరుగుడు

అయితే ఈ సాంకేతికత పూర్తిగా నిష్ఫలమని భావించడమూ పొరపాటే. పరిధిని కుదించి, ఒకే ఒక పనికి వినియోగించిన చోట అది నెగ్గుకొచ్చింది. ఇందుకు ‘నైట్‌వేర్’ ఉదాహరణ. ఇరాక్‌లో పనిచేసి వచ్చిన తండ్రి పీడకలలతో సతమతమవడం చూసిన అమెరికా కళాశాల విద్యార్థి ఒకరు, 2015లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రోగ్రామింగ్ పోటీలో ఈ ఆలోచనకు రూపమిచ్చారు. రాత్రివేళ వాచీ గుండె వేగాన్ని, కదలికలను గమనిస్తుంది. కొద్ది రోజులలో ఆ వ్యక్తి నిద్ర తీరును నేర్చుకుంటుంది. పీడకల మొదలైందని తోచినప్పుడు పూర్తిగా మేల్కొల్పకుండా, కల చెదిరేటంత మేరకు మాత్రమే కంపిస్తుంది.

ఎఫ్.డి.ఎ.గా వ్యవహరించే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2020 నవంబరులో దీనికి అనుమతి ఇచ్చింది. 70 మందిపై 30 రోజుల పాటు జరిగిన పరీక్షలో, కంపించని ఉత్తుత్తి పరికరం ధరించినవారు కూడా కొంత మెరుగుపడ్డారు గాని, అసలు పరికరం ధరించినవారిలో మెరుగుదల ఎక్కువగా కనిపించింది. 22 ఏళ్ళు నిండినవారికి, వైద్యుని చీటీపై మాత్రమే దీనిని ఇవ్వాలని, ఇతర చికిత్సకు బదులుగా కాక దానితో పాటే వాడాలని ఆ సంస్థ షరతు విధించింది. రాత్రి, నిద్ర, కదలని శరీరం, ముందే నిర్ధారణ అయిన రుగ్మత: ఇన్ని హద్దులు ఉన్నందువల్లనే అనుమానాలకు తావు తగ్గింది. మెట్లెక్కడమూ కాఫీ తాగడమూ నిద్రలో ఉండవు కదా.

నెమ్మది శ్వాస ఎందుకు పనిచేస్తుంది?

పరికరం అంచనా సందేహాస్పదమైనా, అది చేసే సూచన మాత్రం నమ్మదగినది. శ్వాస లోనికి తీసుకున్నప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. నిమిషానికి సుమారు 6 సార్లు, అంటే 4 సెకన్లు లోనికి, 6 సెకన్లు బయటికి చొప్పున శ్వాసించినప్పుడు, రక్తపోటును సరిదిద్దే సహజ ఏర్పాటు లయతో శ్వాస లయ కలుస్తుంది. గుండెకు విశ్రాంతినిచ్చే వేగస్ నాడి ప్రభావం హెచ్చుతుంది. ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనం ఈ సందర్భంగా పేర్కొనదగింది. 23 మంది ఆరోగ్యవంతులు లాటిన్ భాషలో క్రైస్తవ జపమాలను పఠించినప్పుడు, యోగ మంత్రాన్ని జపించినప్పుడు వారి శ్వాస తనంతట తానే నిమిషానికి దాదాపు 6కు చేరుకున్నట్లు ఆ బృందం గమనించింది. జపమాల తిప్పే పెద్దలకు ఏ పట్టీ అవసరం లేకుండానే ఈ లయ అలవడి ఉంటుంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2023లో ప్రచురించిన మరో పరిశీలనలో రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజుల పాటు శ్వాస సాధన చేసినవారిని, ధ్యానం చేసినవారిని పోల్చి చూశారు. అన్ని బృందాలలోనూ ఆందోళన తగ్గింది. ముక్కుతో రెండు విడతలుగా గాలి పీల్చి నోటితో దీర్ఘంగా వదిలే పద్ధతి, ఒక విధంగా మన నిట్టూర్పు వంటిదే, ఉత్సాహాన్ని పెంచడంలో ముందు నిలిచింది.

ఒక విషయంలో మాత్రం అపోహ తొలగవలసి ఉంది. కంగారులో ఉన్నవారికి ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని చెప్పడం మన ఇళ్ళలో పరిపాటి. భయం ఉప్పెనలా ముంచుకొచ్చే పానిక్ అటాక్ సమయంలో చాలామంది అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తుంటారు. అందువల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరగడం, వేళ్ళు తిమ్మిరెక్కడం జరుగుతుంది. ఆ లక్షణాలే భయాన్ని మరింత పెంచుతాయి. పెద్దగా పీల్చడం కాదు, మామూలుగా పీల్చి నెమ్మదిగా వదలడమే ఇక్కడ కావలసింది. అలాగే ఛాతీ నొప్పి, ఎడమ చేయి లాగడం, ఆగని ఆయాసం వంటివాటిని వాచీ ‘ఒత్తిడి’గా చూపినంత మాత్రాన ఉపేక్షించరాదు. అవి గుండెపోటు లక్షణాలు కావచ్చు. శ్వాస సాధన కన్నా ముందు 108కి ఫోను చేయడం అవసరం.

కొలతే కలతగా మారిన వేళ

ఆందోళన స్వభావం ఉన్నవారికి మణికట్టుపై అనుక్షణం కనిపించే అంకె ఉపశమనానికి బదులు కొత్త దిగులు తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది. గుండె లయలో లోపమున్న 70 ఏళ్ళ అమెరికా మహిళ ఒకరు తన వాచీతో ఏడాదిలో అక్షరాలా 916 సార్లు ఇ.సి.జి. తీసుకున్నట్లు 2020లో ఒక వైద్య పత్రిక నమోదు చేసింది. ఆమెకు చివరకు మానసిక చికిత్స అవసరమైంది. నిద్ర కొలిచే పరికరాలు చూసి నిద్ర పోగొట్టుకుంటున్నవారి పరిస్థితికి పరిశోధకులు 2017లోనే ‘ఆర్థోసోమ్నియా’ అని పేరు పెట్టారు. పదే పదే అంకె చూసుకోకుండా ఉండలేనివారు హెచ్చరికలను నిలిపివేసి, శ్వాస సాధనను మాత్రం నిర్ణీత వేళల్లో కొనసాగించుకోవచ్చు.

సమాచారం ఎవరి చేతికి?

అధికారులకు అత్యంత కీలకమైన అంశం ఇది. పట్టీని ధరించిన వ్యక్తి తానే చూసుకుని తానే ఊపిరి సరిచేసుకున్నంత వరకు అది వ్యక్తిగత వ్యవహారం. అదే పట్టీని ఒక కార్యాలయం తన డ్రైవర్లకో, పోలీసులకో, కాల్ సెంటర్ ఉద్యోగులకో పంపిణీ చేసి, ఎవరికెంత ఒత్తిడి ఉన్నదో పై అధికారి కంప్యూటర్ తెరపై చూసే ఏర్పాటు చేస్తే పరిస్థితి తారుమారవుతుంది. లైడెన్ అధ్యయనం ప్రకారం ఆ అంకె మనసును సరిగా ప్రతిఫలించదు. అయినా బదిలీలకు, పదోన్నతులకు, డ్యూటీల కేటాయింపునకు అది ఆధారమయ్యే వీలుంది. తన భయం నమోదవుతున్నదని తెలిసిన ఉద్యోగికి ఆ నమోదే భయ కారణం కాగలదు.

యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టం పని ప్రదేశాలలోను, విద్యా సంస్థలలోను శరీర లక్షణాల ఆధారంగా భావోద్వేగాలను ఊహించే వ్యవస్థలను నిషేధించింది. వైద్య, భద్రతా అవసరాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఈ నిషేధం 2025 ఫిబ్రవరి 2 నుంచి అమలులోకి వచ్చింది. మన దేశంలో ఇటువంటి ప్రత్యేక నిషేధం లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి సమాచార గోప్యతను కాపాడుతుంది గాని, ఆ బాధ్యత చికిత్స అందించేవారిపై ఉంచిందే తప్ప గడియారాలు అమ్మేవారిపై కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం సమాచార సేకరణకు వ్యక్తి సమ్మతిని కోరుతున్నప్పటికీ, ఉద్యోగ సంబంధమైన కొన్ని ప్రయోజనాలకు సమ్మతి లేకుండా వినియోగించే వెసులుబాటును 7వ సెక్షన్‌లో కల్పించింది. ఈ చట్టం కింద నిబంధనలు 2025 నవంబరులో జారీ అయ్యాయి.

ఈ దృష్ట్యా ఇటువంటి కొనుగోలు దస్త్రం ఏదైనా ముందుకు వచ్చినప్పుడు కొన్ని ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానం తీసుకోవడం మంచిది. సమాచారం ఫోనులోనే ఉంటుందా, సంస్థ సర్వర్లకు చేరుతుందా? పై అధికారికి వ్యక్తుల పేర్లతో కనిపిస్తుందా? పట్టీ వద్దన్న ఉద్యోగికి ఇబ్బంది కలగకుండా ఏ హామీ ఉంది? 2020 ఏప్రిల్ 1 నుంచి వ్యాధి నిర్ధారణకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ సైతం మన దేశంలో వైద్య పరికరాల నియంత్రణ పరిధిలోకి వచ్చింది. చాలా కంపెనీలు పెట్టె మీద ‘ఆందోళన’ అని పెద్ద అక్షరాలతోను, ‘ఇది వైద్య పరికరం కాదు’ అని చిన్న అక్షరాలతోను ముద్రిస్తుంటాయి. దస్త్రంపై సంతకం చేసేవారు చదవవలసింది ఆ చిన్న అక్షరాలనే.

చికిత్స అందుబాటు

బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. ఇంతటి లోటును వేల రూపాయల విలువైన వాచీలు పూరించజాలవు. వాచీ కొనగలిగినవారికి సాధారణంగా వైద్యుడు కూడా అందుబాటులోనే ఉంటాడు.

ఆందోళన రుగ్మతలకు ఆలోచనా సరళిని సరిదిద్దే మానసిక చికిత్స, అవసరమైనప్పుడు మందులు, ఈ రెండూ నిరూపితమైన మార్గాలు. భయం వారాల తరబడి వీడకపోయినా, నిద్రాహారాలు, చదువు, ఉద్యోగం దెబ్బతింటున్నా వైద్య సలహా తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు ప్రారంభించిన టెలీ మానస్ సేవలు తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా లభిస్తున్నాయి. 14416 నంబరుకు ఏ ఫోను నుంచైనా చేయవచ్చు. ముందు శిక్షణ పొందిన సలహాదారు మాట్లాడతారు. అవసరాన్ని బట్టి మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదా సమీపంలోని ఆసుపత్రికి పంపుతారు. ఈ సేవకు స్మార్ట్ ఫోను గాని, ఇంటర్నెట్ గాని అవసరం లేదు.